ఊఁ కొట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు
(అంతర్జాతీయ వ్యాపారంలో భావప్రసారం – ఒక పరిచయ పాఠం)



ప్రపంచీకరణ వచ్చాక చదువుకునే ప్రతి ఒక్కరికీ చెవిలో పడే మాట ఒకటుంది: "కమ్యూనికేషన్ స్కిల్స్ ఉండాలి." ఉద్యోగ ప్రకటనలో అదే మాట, ఇంటర్వ్యూలో అదే మాట, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదా అదే మాట. ఆ మాట వినగానే మన హాస్టల్ విద్యార్థులం చాలామందిమి ఒకే అర్థం చెప్పుకుంటాం: ఇంగ్లీషు గడగడా మాట్లాడటం. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లం కాబట్టి ఆ అర్థం మనల్ని పోటీకి ముందే సగం ఓడిస్తుంది.

ఇంగ్లీషు కావాలి, నేర్చుకోవాలి. అందులో సందేహం లేదు. అయితే వాణిజ్యశాస్త్రం, మేనేజ్‌మెంట్ చదివేవారికి వేర్వేరు సంస్కృతుల మధ్య భావప్రసారం గురించి ఒక పాఠం ఉంటుంది. దాన్ని శ్రద్ధగా చదివితే మనకు ధైర్యం కలిగించే సంగతులు కొన్ని, మనం మార్చుకోవలసిన అలవాటు ఒకటి కనిపిస్తాయి. వాటిని మన పరిసరాల నుంచి తీసిన ఉదాహరణలతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. భావప్రసారం అంటే ఏమిటి?

ఒకరి మనసులోని భావం మరొకరి మనసులోకి చేరడం భావప్రసారం. చెప్పేవారు, చెప్పే విషయం, చెప్పే మార్గం, వినేవారు, వినేవారి స్పందన అని దీనికి ఐదు అంగాలు చెబుతారు. పరీక్షలో ఈ ఐదూ రాస్తే మార్కులు వస్తాయి. కానీ నిజ జీవితంలో చాలామంది మొదటి మూడింటితోనే ఆగిపోతారు. "నేను చెప్పాను కదా" అంటారు. మనం చెప్పింది ఒకటి, అవతలివారికి చేరింది మరొకటి అయితే చెప్పనట్టే లెక్క.

ఒకే ఊరివాళ్ల మధ్య ఈ తేడా తక్కువ. ఎందుకంటే చెప్పకుండా వదిలేసిన సంగతులు ఇద్దరికీ ముందే తెలిసి ఉంటాయి. దేశాలు మారినప్పుడు ఆ "ముందే తెలిసిన సంగతులు" కూడా మారిపోతాయి. అక్కడే చిక్కు వస్తుంది.

2. ఫలక్‌నుమా చుట్టూ ఉన్న అంతర్జాతీయం

అంతర్జాతీయ వ్యాపారం అనగానే మనకు అద్దాల మేడలు గుర్తుకొస్తాయి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టింది. అక్కడి నుంచి మన నగరం పేరు ప్రపంచానికి తెలిసిందని పుస్తకాలు రాస్తాయి. మన ఫలక్‌నుమా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే అదే రైలు మార్గం హైటెక్ సిటీ దాకా తీసుకెళ్తుంది. అయితే ఈ మార్గంలో అంతర్జాతీయం మొదలయ్యేది హైటెక్ సిటీ దగ్గర కాదు, మన వైపు చివరనే.

ఫలక్‌నుమా అంటే ఆకాశంలా కనిపించేది అని అర్థం. హైదరాబాద్ సంస్థానానికి ప్రధానమంత్రిగా పనిచేసిన వికారుల్ ఉమ్రా 1884లో ఈ ప్యాలెస్ నిర్మాణం మొదలుపెట్టారు. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. చాలా ఏళ్లు వాడకం లేకుండా ఉన్న ఆ భవనాన్ని బాగుచేసి తాజ్ గ్రూప్ 2010 నవంబరులో హోటల్‌గా తెరిచింది. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు హైదరాబాద్‌లో మొదలైనప్పుడు, ఇవాంకా ట్రంప్ నాయకత్వంలో వచ్చిన అమెరికా బృందానికి ప్రధాని నరేంద్ర మోదీ విందు ఇచ్చింది ఈ కొండ మీదే.

కొండ దిగి కొంచెం దూరం వెళితే బార్కస్ ఉంది. సైనికుల బ్యారక్స్ అనే మాటే జనం నోట బార్కస్ అయింది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉన్నారు. చార్మినార్ వైపు వెళితే లాడ్ బజార్ లక్క గాజులు, పత్తర్‌గట్టి ముత్యాలు. గల్ఫ్ దేశాలకు వెళ్లి పనిచేసేవాళ్లు, వాళ్ల కోసం ఎదురుచూసే కుటుంబాలు ఈ బస్తీల్లో ఎన్నో. అంటే పరాయి దేశం మనుషులతో బేరం, ఉత్తరం, ఒప్పందం అనేవి పాతబస్తీకి కొత్త కాదు.

భాష ఒకటే అయినా అర్థం మారుతుందని ఇక్కడి దక్కనీ ఉర్దూయే నేర్పుతుంది. ఢిల్లీ మనిషికి "పరసోం" అంటే మొన్న, లేదా ఎల్లుండి. హైదరాబాదీ "పరసోం వచ్చాడు" అంటే అది మొన్న కావచ్చు, పోయిన వారం కావచ్చు, ఆరు నెలల కిందట కూడా కావచ్చు. ఇద్దరూ మాట్లాడేది ఒకే భాష అనుకుంటారు. సరుకు ఎప్పుడు వచ్చిందనే లెక్క మాత్రం తేలదు.

3. గాజు సైజు చెప్పే పాఠం

లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ గాజులనే ఉదాహరణగా తీసుకుందాం.

మన దగ్గర గాజుల సైజును రెండు–నాలుగు, రెండు–ఆరు, రెండు–ఎనిమిది, రెండు–పది అంటారు. కాగితం మీద 2.4, 2.6, 2.8, 2.10 అని రాస్తారు. మన ఇళ్లలో ఆడవాళ్లెవరికీ దీన్ని వివరించనక్కర్లేదు. కానీ ఆ చుక్క దశాంశ బిందువు కాదు. 2.4 అంటే రెండు అంగుళాలు, ఆపైన అంగుళంలో పదహారో వంతులు నాలుగు. అంటే రెండుంపావు అంగుళాలు, దాదాపు 57 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం.

ఇప్పుడు అమెరికాలో ఒక దుకాణదారు ఈ గాజులు కొంటున్నారని అనుకుందాం. ఆమె 2.4 అనే అంకెను బడిలో నేర్చుకున్న దశాంశంగానే చదువుతుంది. ఆ లెక్కన అది దాదాపు 61 మిల్లీమీటర్లు. పార్సిల్ విప్పేసరికి ప్రతి గాజూ నాలుగు మిల్లీమీటర్లు చిన్నది. ఇక 2.10 సంగతి మరీ చిత్రం. మనకు అది 2.8 కంటే పెద్ద గాజు, దాదాపు 67 మిల్లీమీటర్లు. ఆమె లెక్కలో అది 2.1 అంగుళాలు, అంటే అన్నిటికంటే చిన్నది!

ఇందులో అబద్ధం ఆడినవారు ఎవరూ లేరు. ఇంగ్లీషు రానివారూ లేరు. ఇద్దరూ ఒకే అంకె రాశారు, ఒకే అంకె చదివారు. తప్పిపోయింది ఒక్క ప్రశ్న: "ఈ అంకెను మీరు ఎలా చదువుతున్నారు?"

ఇలాంటివే మరికొన్ని గుర్తుంచుకోదగ్గవి ఉన్నాయి.

తేదీ: 05/06 అంటే మనకు జూన్ 5. అమెరికన్లకు మే 6.

అంకెలు: పది లక్షలను మనం 10,00,000 అని రాస్తాం. బయటివారు 1,000,000 అని రాసి మిలియన్ అంటారు. లక్ష, కోటి అనే మాటలు వాళ్లకు తెలియవు. జర్మనీలో వేలకు చుక్క, దశాంశానికి కామా పెడతారు. అక్కడ 1.500 అంటే పదిహేను వందలు.

సమయం: మన గడియారం దుబాయి కంటే గంటన్నర, రియాద్ కంటే రెండున్నర గంటలు ముందు. టోక్యో కంటే మూడున్నర గంటలు వెనుక. న్యూయార్క్‌తో తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు. ఎందుకంటే వాళ్లు మార్చిలో, నవంబరులో గడియారం మారుస్తారు, మనం మార్చం.

సెలవు: సౌదీలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. యూఏఈ ప్రభుత్వం 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మారి శుక్రవారం సగం పూట పని పెట్టుకుంది. "శుక్రవారం సాయంత్రం లోపు జవాబు ఇవ్వండి" అని రియాద్‌కు రాస్తే వారు సెలవులో ఉంటారు.

4. విప్పి చెప్పేవారు, సందర్భం బట్టి గ్రహించేవారు

ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1950లలో తమ దేశ దౌత్య ఉద్యోగులకు శిక్షణ ఇచ్చేవాడు. 1959లో "ది సైలెంట్ లాంగ్వేజ్" అనే పుస్తకం, 1976లో "బియాండ్ కల్చర్" అనే పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన ముఖ్యమైన విభజన ఇది. కొన్ని సమాజాల్లో విషయమంతా మాటల్లోనే ఉంటుంది; చెప్పింది చెప్పినట్టే అర్థం చేసుకోవాలి. మరికొన్ని సమాజాల్లో సగం విషయం మాటల బయట ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు, ఏ గొంతుతో అన్నారో చూసి గ్రహించాలి. మొదటి రకానికి జర్మనీ, అమెరికాలను, రెండో రకానికి జపాన్, అరబ్ దేశాలను ఉదాహరణలుగా చెబుతారు.

మనం ఏ రకం? ఇంటికి వచ్చిన చుట్టాన్ని "అన్నం తిని వెళ్లండి" అంటాం. "అబ్బే, వద్దండీ" అంటాడు. ఆ మొదటి "వద్దు"ను ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా? రెండోసారి అడుగుతాం, మూడోసారి ఆకు వేసేస్తాం. ఇదే మనిషి అమెరికాలో ఒక ఇంటికి వెళ్లి మర్యాదకు "వద్దండీ" అంటే వాళ్లు సరేనని గిన్నె లోపల పెట్టేస్తారు. వాళ్లకు మర్యాద లేక కాదు. వద్దన్న మనిషిని బలవంతం చేయకపోవడమే వాళ్ల మర్యాద.

అలాగే మనం "చూద్దాం", "ప్రయత్నం చేస్తాం", "రేపు మాట్లాడుకుందాం" అంటే చాలాసార్లు కుదరదనే అర్థం. ముఖం మీద కాదనడం మనకు మొరటుగా తోస్తుంది. ఈ విద్యలో జపాన్‌వారు మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. వారి వ్యాపార సమావేశాల్లో "పరిశీలిస్తాం" అనే మాట తరచుగా మర్యాదైన నిరాకరణ. "హై" అనే మాటకు నిఘంటువు అర్థం అవును. కానీ మనం మాట్లాడుతుంటే మధ్యమధ్య వాళ్లు "హై, హై" అంటే "వింటున్నాను, చెప్పండి" అని మాత్రమే. ఇలా మధ్యలో పలకడాన్ని వాళ్లు ఐజుచి అంటారు. మనకూ దానికి చక్కని మాట ఉంది: ఊఁ కొట్టడం. అమ్మమ్మ కథ చెబుతుంటే ఊఁ కొట్టిన పిల్లవాడు కథలోని రాక్షసుడు నిజమని ఒప్పుకున్నట్టు కాదు కదా! ఊఁ కొట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఇది తెలియని పాశ్చాత్య వ్యాపారి జపాన్ నుంచి ఒప్పందం కుదిరిందనుకుని తిరిగి వెళ్తాడు. ఇది తెలియని మేనేజరు మన దగ్గర నుంచి పని అయిపోతుందనుకుని ఫోన్ పెట్టేస్తాడు.

5. పెద్దవారి ముందు నోరు

గీర్ట్ హోఫ్‌స్టెడ్ అనే డచ్ శాస్త్రవేత్త ఐబీఎం కంపెనీకి వివిధ దేశాల్లో ఉన్న ఉద్యోగుల నుంచి 1967–1973 మధ్య సేకరించిన జవాబులను పరిశీలించి 1980లో ఒక గ్రంథం ప్రచురించాడు. అందులో ఒక కొలమానం "అధికార దూరం". పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య హెచ్చుతగ్గులను సమాజం ఎంత సహజంగా తీసుకుంటుందో అది చెబుతుంది. ఆ సూచికలో భారతదేశానికి 77, అమెరికాకు 40, జర్మనీకి 35, డెన్మార్క్‌కు 18 వచ్చాయి.

ఈ అంకెలను దేవుడి రాతలా చూడకూడదు. అవి ఒక్క కంపెనీ ఉద్యోగుల సగటు. అందులో మన ఊరి కూలీ లేడు, మన అమ్మ లేదు. మన గదిలో నలుగురుంటే నలుగురూ నాలుగు రకాలు. దేశం పేరు చెప్పి మనిషిని అంచనా వేస్తే ఎలాంటి తప్పు జరుగుతుందో, ఊరి పేరో కులం పేరో చెప్పి అంచనా వేయించుకున్న మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ అంకెలు ఒక ప్రశ్న మన ముందు పెడతాయి: పై అధికారితో "నాకు అర్థం కాలేదు" అనగలమా?

అనలేకపోతే ఎంత ప్రమాదమో విమానరంగంలో ఒక ఉదాహరణ చెబుతారు. 1990 జనవరి 25న కొలంబియా దేశపు అవియాంకా 52వ నంబరు విమానం న్యూయార్క్ చేరింది. వాతావరణం బాగోలేక చాలాసేపు ఆకాశంలోనే తిరగవలసి వచ్చింది. ఇంధనం అయిపోతోందని విమాన సిబ్బంది కంట్రోలర్లకు చెప్పారు, ప్రాధాన్యం అడిగారు. కానీ "ఎమర్జెన్సీ" అనే మాట ఒక్కసారి కూడా వాడలేదు. ఆ మాట వినబడితే తప్ప కంట్రోలర్లు దాన్ని అసలైన ఆపదగా లెక్కించరు. ఇంధనం అయిపోయి విమానం కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. చెప్పలేదా అంటే చెప్పారు. అవతలివారికి చేరలేదు.

6. మన సంగతి

ఇప్పుడు మన హాస్టల్ సంగతికి వద్దాం. స్టడీ అవర్‌లో ట్యూటర్ గారు లెక్క చెప్పి "అర్థమైందా?" అంటారు. హాలంతా ఒక్క గొంతుతో "అయింది సార్" అంటుంది. తర్వాత లైట్లు ఆర్పేదాకా పక్కవాడి నోట్సు చుట్టూ పదిమంది మూగుతారు. ఇది ఏ ఒక్క హాస్టల్ కథో కాదు, అందరికీ తెలిసిందే.

ఆ "అయింది సార్" ఎక్కడి నుంచి వచ్చింది? కొంత గౌరవం నుంచి వచ్చింది. కొంత సిగ్గు నుంచి వచ్చింది. కానీ నిజం చెప్పుకోవాలంటే ఎక్కువ భాగం భయం నుంచి వచ్చింది. మన తాతలు దొర ముందు చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డారు. పట్వారీ ఏం రాసినా వేలిముద్ర వేశారు. అక్కడ ఎదురుప్రశ్న వేస్తే భూమి పోయేది, కూలి పోయేది. "పెద్దోళ్ల ముందర నోరెత్తకు బిడ్డా" అని మనకు చెప్పింది మన మీద ప్రేమతోనే. ఆ రోజుల్లో ఆ మాటే కాపాడింది. కాబట్టి దాన్ని చూసి సిగ్గుపడనక్కర్లేదు.

అయితే కాలం మారింది, పని మారింది. మన "ఎస్ సార్" వినే డెన్మార్క్ మేనేజరుకు మన తాతల కథ తెలియదు. అతను దాన్ని "అర్థమైంది, ఒప్పుకున్నాను, చేస్తాను" అని మూడు మాటలుగా రాసుకుంటాడు. గడువు వచ్చాక పని కాకపోతే "వీళ్లకు చేతకాదు, పైగా ముందే చెప్పరు" అనుకుంటాడు. సమావేశంలో మనం మర్యాదకు నోరు మూసుకుంటే దగ్గర చెప్పడానికి ఏమీ లేదనుకుంటాడు. మనకు విషయం తెలిసి ఉండి కూడా తెలియనివాళ్లలా లెక్కలోకి వెళ్తాం. ఉద్యోగం దాకా వచ్చి అక్కడ వెనుకబడే మన మిత్రులను ఆపుతున్న అడ్డంకుల్లో ఇది పెద్దది. యాసకు వంక పెట్టేవారు ఉండవచ్చు. దాన్ని ఓపికతో దాటవచ్చు. కానీ అర్థం కానిదాన్ని అర్థమైందంటే దాటే దారి ఉండదు.

బాధ్యత మన ఒక్కరిదే కాదని కూడా చెప్పాలి. జవాబు తనకే తెలిసినట్టు "ఓకేనా?" అని అడిగేవారికి "ఓకే" తప్ప ఏమీ రాదు. అడిగే పద్ధతి మార్చుకోవడం పై వారి పని. రేపు మనం ఆ స్థానంలో కూర్చున్నప్పుడు ఇది మరవకూడదు.

7. మనకు ముందే వచ్చిన విద్య

ఈ పాఠంలో మన బలం కూడా ఉంది. మన గదుల్లో ఆదిలాబాద్ నుంచి వచ్చిన మిత్రుడి ఇంటి భాష గోండి, దేవరకొండ మిత్రుడి ఇంటి భాష లంబాడీ. ఒకడు పుంటికూర అంటాడు, ఒకడు గోంగూర అంటాడు. గేటు బయట దుకాణంలో ఉర్దూ, కాలేజీలో ఇంగ్లీషు. ఇన్నింటి మధ్య సర్దుకుని బతకడం మనకు రోజూ ఉన్న పనే.

అంతకంటే పెద్దది మరొకటి ఉంది. మనలో చాలామందిమి మన ఇళ్లలో మొదట డిగ్రీ దాకా వచ్చినవాళ్లం. బ్యాంకు నుంచి కాగితం వస్తే చదివి అమ్మకు అర్థమయ్యేలా చెప్పేది మనమే. అమ్మ చెప్పింది గుమాస్తాకు అర్థమయ్యేలా చెప్పేదీ మనమే. ఆస్పత్రిలో డాక్టరు చీటీకీ నాన్నకూ మధ్య నిలబడేదీ మనమే. అప్పుడు మనం "అర్థమైందా నాన్నా?" అని వదిలేయం. "ఏ గోళీ పొద్దున, ఏది రాత్రి, చెప్పు చూద్దాం" అని తిరిగి చెప్పించుకుంటాం. ఎందుకంటే తప్పు జరిగితే నష్టం ఎవరికో మనకు తెలుసు. పెద్ద పెద్ద కంపెనీలు శిక్షణ ఇచ్చి నేర్పించే పద్ధతి సరిగ్గా ఇదే. ఇంట్లో చేస్తున్న పనిని ఆఫీసులో చేయడమే మనకు మిగిలింది.

గల్ఫ్ వెళ్లే బంధువుల విషయంలో ఈ పని మరీ ముఖ్యం. సౌదీలో, యూఏఈలో కార్మిక ఒప్పందం రెండు భాషల్లో ఉండి వాటి మధ్య తేడా వస్తే అరబిక్ ప్రతికే విలువ. నోటిమాటగా ఏజెంటు చెప్పిన జీతానికి విలువ లేదు. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ రకం. గల్ఫ్ దేశాల్లో పనికి వెళ్లాలంటే భారత ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. సంతకానికి ముందు జీతం ఎంత, ఏ కరెన్సీలో, ఎన్ని గంటల పని, తిండి వసతి ఎవరివి, తిరుగు టికెట్ ఎవరిది అనే ఐదు ప్రశ్నలకు కాగితంలో జవాబు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని అడగాలి. మన ఇళ్లకు అంతర్జాతీయ వ్యాపార భావప్రసారం అంటే మొదట ఈ కాగితమే.

8. ఆచరణలో ఏం చేయాలి?

(1) అర్థం కాకపోతే ఎంతవరకు అర్థమైందో చెప్పి మిగతాది అడగాలి. "అర్థం కాలేదు" అని ఊరుకోవడం కంటే "మొదటి రెండు అంశాలు తెలిశాయి, మూడోదానిలో గడువు ఎవరిదో తెలియలేదు" అనడం మేలు. ఇలా అడిగినవారిని ఎవరూ మొద్దు అనుకోరు.

(2) విన్నదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పాలి. "మీరు చెప్పింది నేను ఇలా తీసుకున్నాను, సరేనా?"

(3) అవునూ కాదూ అని జవాబు రాని ప్రశ్న వేయాలి. "సోమవారానికి అవుతుందా?" అనే బదులు "సోమవారానికి ఏవేవి పూర్తవుతాయి?" అనాలి.

(4) అంకె పక్కన కొలత, తేదీలో నెల పేరు, సమయం పక్కన రెండు ఊళ్ల గడియారాలు రాయాలి.

(5) కుదరనిది కుదరదని ముందే చెప్పి, ఏది కుదురుతుందో కూడా చెప్పాలి. గౌరవం గొంతులో ఉండాలి, విషయం దాచడంలో కాదు.

(6) ఫోన్‌లో మాట్లాడింది ఆ రోజే నాలుగు వాక్యాల్లో రాసి పంపాలి. మనం తల ఊపడం ఫోన్‌లో కనబడదు. ఎదురుగా ఉన్నా మన తల ఊపు అవునో కాదో చాలా దేశాలవారికి తెలియదు.

(7) చనువుకు హద్దు తెలుసుకోవాలి. "పెళ్లయిందా? జీతమెంత?" అనేవి మనకు పలకరింపులు, కొందరికి చొరబాటు. తెలియని చోట అవతలివారు ఎంతవరకు అడుగుతారో చూసి అంతవరకే అడగాలి.

పైన చెప్పిన గాజుల ఆర్డరుకే రెండు జవాబులు చూడండి.

మొదటిది: "మీ ఆర్డరు అందింది. 2.6 సైజు గాజులు త్వరలో పంపుతాం. 05/06 నాటికి పని అవుతుంది. రంగుల విషయం చూద్దాం. ఏమీ ఇబ్బంది లేదు."

రెండోది: "మీ ఆర్డరు అందింది. ధన్యవాదాలు. లక్క గాజులు 40 జతలు. సైజు 2–6, అంటే లోపలి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు. ఎరుపు రంగువి జూన్ 5న హైదరాబాద్ నుంచి పంపుతాం. ఆకుపచ్చవి జూన్ 12 కంటే ముందు ఇవ్వలేం. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఎండలో ఉంచవద్దు. ఇందులో మీరు అనుకున్నదానికి తేడా ఏముందో మే 25 లోపు రాయండి."

మొదటి ఉత్తరం మర్యాదగానే ఉంది. కానీ అందులో ప్రతి వాక్యం ఒక తగాదాకు విత్తనం. రెండో ఉత్తరంలో గొప్ప భాష ఏమీ లేదు. పదో తరగతి ఇంగ్లీషుతో రాయవచ్చు. చివరి వాక్యం గమనించండి: "సరేనా" అని అడగలేదు, "తేడా ఏముంది" అని అడిగింది.

9. స్టడీ అవర్‌లో అభ్యాసం

ముగ్గురు కూర్చోండి. ఒకరు విదేశీ కొనుగోలుదారు, ఒకరు మన వ్యాపారి, ఒకరు పరిశీలకుడు. పది నిమిషాలు బేరం నడపండి. ఆఖరున కొనేవారు, అమ్మేవారు ఒప్పందాన్ని ఒకరికొకరు చూపించకుండా విడివిడిగా కాగితం మీద రాయాలి. పరిశీలకుడు రెండు కాగితాలూ చదివి తేడాలు లెక్కపెట్టాలి. మొదట తెలుగులోనే చేయండి. తెలుగులోనే ఎన్ని తేడాలు వస్తాయో చూస్తే ఇంగ్లీషు మీద ఉన్న భయం కొంత తగ్గుతుంది. తర్వాత అదే బేరం ఇంగ్లీషులో చేయండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. మీలో కంపెనీల్లో, బ్యాంకుల్లో, గల్ఫ్‌లో పనిచేస్తున్నవారు ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక పూట మాతో కూర్చుని ఆ కొనుగోలుదారు పాత్ర వేయండి. మమ్మల్ని కష్టమైన ప్రశ్నలు అడగండి. "అర్థమైందా?" అని మాత్రం అడగవద్దు. "ఏం అర్థమైంది?" అని అడగండి. జవాబు చెప్పడానికి మేము సిద్ధపడుతున్నాం.